ముందు మగవాడి రిపోర్టు తీయండి

పెళ్లై రెండేళ్లు దాటినా కడుపు పండలేదంటే మన రాయలసీమ జిల్లాల్లో జరిగేది ఒకటే. అత్తో తల్లో ఆ పిల్లను వెంటబెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరుతుంది. కొడుకు తన పనికి తాను పోతాడు. కర్నూలు ఎన్.ఆర్.పేటలో, అనంతపురం సాయినగర్‌లో, కడప ఏడురోడ్ల దగ్గర ఏ గైనకాలజిస్టు క్లినిక్ ముందు అరగంట కూర్చున్నా కుర్చీల నిండా ఆడవాళ్లే. మగవాళ్లు ఎవరైనా వచ్చినా బయట బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటుంటారు.

నా మాట సూటిగా చెప్పేస్తాను. పిల్లలు లేరని వచ్చిన ప్రతి జంటలో మొదటి పరీక్ష మగవాడికి చేయాలి. భార్యకు రక్తపరీక్షలు, మామూలు స్కానింగ్ చేస్తే చేసుకోండి. అతని వీర్య పరీక్ష రిపోర్టు టేబుల్ మీదికి రాకుండా ఆమెకు ట్యూబుల ఎక్స్‌రే, పొట్టలోకి గొట్టం పంపి చూసే ల్యాపరోస్కోపీ, నెలల తరబడి గుడ్డు పెంచే మాత్రలు మాత్రం వద్దు. అలా రాసే డాక్టరును ఆపి అడిగే ధైర్యం ఇంటివాళ్లకు రావాలి.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదురవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు లోపం ఉంటుంది, ఒంటరిగానో, భార్య వైపు కారణంతో కలిసో. వైద్యం చదివిన ప్రతివాళ్లకూ తెలిసిన సంగతే ఇది. అయినా కొన్ని వందల రూపాయలతో, కత్తీ సూదీ లేకుండా తేలిపోయే పరీక్షను చివరికి నెట్టి, వేలు ఖర్చయ్యే, నొప్పి పెట్టే పరీక్షలు ముందు చేస్తున్నారు.

ఆదోని వైపు జంట ఒకటి ఏ డాక్టరు దగ్గరికి పోవాలో అడగడానికి ఈమధ్య నా దగ్గరికొచ్చింది. పాలిథిన్ కవర్లో నాలుగేళ్ల కాగితాలు. ఫాలిక్యులర్ స్కానింగులే ఒక కట్ట ఉన్నాయి, తొమ్మిదో రోజు, పదకొండో రోజు, పదమూడో రోజు, ప్రతి చీటీ మీదా గుడ్డు సైజు మిల్లీమీటర్లలో. థైరాయిడ్, ప్రొలాక్టిన్, గుడ్ల నిల్వ చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్షలు. గర్భసంచిలోకి మందు ఎక్కించి తీసిన ట్యూబుల ఎక్స్‌రే, హెచ్ఎస్‌జీ ఫిల్ము. ల్యాపరోస్కోపీ డిశ్చార్జి కాగితం. రెండు ట్యూబులూ బాగున్నాయని రెండు చోట్లా రాశారు. భర్త పేరు మీద ఒక్క చీటీ లేదు. ‘మీ ఆయన రిపోర్టు ఏదమ్మా?’ అంటే ఆ పిల్ల తల దించుకుంది. అత్త అందుకుంది: ‘మావోనికేమైంది సార్, గుండ్రాయి మాదిరుండాడు!’

తర్వాత అతనికి పరీక్ష చేయిస్తే వీర్యకణాల కౌంట్ సున్నా. ఒక్క కణం కూడా లేదు.

మనిషి గుండ్రాయి మాదిరి ఉండటానికీ దీనికీ సంబంధం లేదు. గడ్డం, గొంతు, మంచం మీద సామర్థ్యం అన్నీ మామూలుగా ఉన్నవాడికి కూడా కణాలు లేకపోవచ్చు. కణాలు తయారవుతున్నా దారి మూసుకుపోయిందా, అసలు తయారీయే లేదా అన్నది తేల్చుకోవాలి. దారి మూసుకుంటే కొందరికి ఆపరేషన్‌తో సరిచేస్తారు. లేదంటే వృషణంలోంచి సూదితో కణాలు తీసి, ఒక్కో గుడ్డులో ఒక్కో కణాన్ని ప్రవేశపెట్టే ఇక్సీ చేస్తారు. 1992లో బెల్జియం డాక్టర్లు ఈ పద్ధతితో తొలి కాన్పులు ప్రకటించాక, అంతవరకూ ఆశ వదులుకున్న మగవాళ్లకు సొంత బిడ్డ దక్కే వీలు ఏర్పడింది. తయారీయే లేకపోతే హార్మోన్లు చూడాలి. మెదడు నుంచి రావలసిన సంకేతం రాకపోవడమే కారణమైతే కొన్ని నెలల ఇంజెక్షన్లతో కణాలు మొదలయ్యేవాళ్లు ఉన్నారు. ఇవన్నీ ఆ జంటకు నాలుగేళ్ల ముందే తెలియాల్సిన విషయాలు. ఆ నాలుగేళ్లూ భార్య వయసులోంచే పోయాయి.

కౌంట్ తక్కువ అన్న కేసుల్లో చాలావాటికి ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ) దాకా పోనవసరమే ఉండకపోవచ్చు. వెరికోసీల్ అని వృషణాల దగ్గర సిరలు ఉబ్బుతాయి. మామూలు మగవాళ్లలో నూటికి పదిహేను మందికి ఉండే ఈ సమస్య, పిల్లలు లేని మగవాళ్లలో మూడో వంతు మందికి పైగా కనిపిస్తుంది. చేతికి తగిలేంత ఉండి, కౌంట్ కూడా పడిపోయి ఉంటే చిన్న ఆపరేషన్‌తో మెరుగుపడే అవకాశం బాగా ఉంది. జిమ్ముల్లో కండల కోసం పొడిపించుకునే టెస్టోస్టెరాన్ సూదులు కణాల తయారీనే ఆపేస్తాయి. మగతనానికని వేసుకున్న సూదే తండ్రి కాకుండా చేస్తోందని ఆ కుర్రాళ్లకు చెప్పేవాడు లేడు. గుట్కా, సిగరెట్, మందు సంగతి సరేసరి. వేడి కూడా ఉంది. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి. గంటల కొద్దీ లారీ ఇంజన్ పక్కన కూర్చునేవాళ్లు, బట్టీల దగ్గర పనిచేసేవాళ్లు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. ఒక కణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి అలవాట్లు మార్చినా ఫలితం తెలిసేది మూడు నెలల తర్వాతే. నెలకే కౌంట్ పెంచుతామని గోడల మీద రాసుకునే వైద్యులను నమ్మకపోవడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఇక కడప వైపు మరో రకం కేసులు. రాజంపేట, రాయచోటి ప్రాంతాల్లో కువైట్‌కు పోని ఇల్లు తక్కువ. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చి నెలో నెలన్నరో ఉండి పోతారు. పెళ్లై ఆరేళ్లని ఊరంతా ఆ పిల్లను అడుగుతుంటుంది. మొగుడూ పెళ్లాం కలిసి ఉన్నది మొత్తం కలిపితే ఆరు నెలలుండదు. ఏ జాగ్రత్తలూ వాడకుండా ఏడాది పాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతేనే వైద్యులు దీన్ని సమస్య అంటారు. ప్రతి నెలా గర్భం వచ్చే వీలున్నది గుడ్డు విడుదలయ్యే రోజూ దానికి ముందు ఐదు రోజులూ మాత్రమే. ఇలాంటి జంటకు టెస్ట్ ట్యూబ్ బేబీ ప్యాకేజీ చెప్పడం దోపిడీ కాక ఇంకేమిటి? మందుల కంటే ముందు విమానం టికెట్ తేదీ మార్చుకోమని చెప్పాలి.

ఆడవాళ్ల వైపు చికిత్సలు లేవనీ, అక్కర్లేదనీ అనడం లేదు. అండాశయాల్లో నీటిబుడగల సమస్య (పీసీఓఎస్) ఉన్నవాళ్లలో చాలామందికి బరువు తగ్గడం, లెట్రోజోల్ లాంటి మాత్రలతోనే గుడ్డు విడుదలవుతుంది. థైరాయిడ్, ప్రొలాక్టిన్ తేడాలకు చవక మందులున్నాయి. రెండు ట్యూబులూ మూసుకుపోతే సాధారణంగా ఐవీఎఫే దారి. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి ఒక ముఖ్య కారణం ట్యూబులకు, గర్భసంచికి సోకే క్షయ. ఇవి చేయగల డాక్టర్లు మన ఊళ్లలోనే ఉన్నారు.

నన్ను తప్పుబట్టేవాళ్ల మాట కూడా వినాలి. ముప్పై ఐదు దాటాక ఆడవాళ్లకు ప్రతి నెలా విలువైనదే, మగవాడు ఎప్పుడు కదులుతాడా అని కూర్చుంటే కాలం కరిగిపోతుందని కొందరు గైనకాలజిస్టులు అంటారు. ఇద్దరికీ ఒకేసారి చూడాలన్నది సరైన వైద్యమే. ఆచరణలో ఆ ‘ఒకేసారి’ ఎప్పుడూ ఆమె దగ్గరే ఆగిపోతోంది. వీర్య పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉంటే చాలు, రిపోర్టు సాధారణంగా ఆ రోజో మర్నాడో వచ్చేస్తుంది. తేడా ఉంటే కొన్ని వారాల తర్వాత మళ్లీ చేస్తారు. ఆ మాత్రానికి ఎవరి వయసూ మించిపోదు.

మగవాళ్లు రారని అంటారు. నిజమే, మరి వాళ్లొస్తే మనం చూపించేదేమిటి? చాలా ల్యాబుల్లో చేతికో డబ్బా ఇచ్చి అందరూ వాడే బాత్రూమ్ చూపిస్తారు. గడియ సరిగా పడదు. బయట ఎవరో తలుపు కొడుతుంటారు. ల్యాబు కుర్రాడు ‘అయిందా అన్నా?’ అని కేకేస్తాడు. ఆ టెన్షన్‌లో ఇవ్వలేక వెనక్కి పోయినవాడు మళ్లీ గడప తొక్కుతాడా? ఇంటి దగ్గరే తీసుకురమ్మంటే గంట లోపు ల్యాబుకు చేరాలి. ఎమ్మిగనూరులో బస్సెక్కినవాడు గంటలో కర్నూలు చేరడు.

ఇక ప్రభుత్వం సంగతికి వస్తాను. రాష్ట్రంలో ఒక మహిళకు సగటు సంతానం 1.7కు పడిపోయిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ముఖ్యమంత్రి చంద్రబాబు సభల్లో ఎక్కువ మంది పిల్లల్ని కనమంటున్నారు. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీ కుదరదన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది. మంచిదే. మొదటి బిడ్డ కోసమే అప్పులు చేస్తున్నవాళ్ల మాటేమిటి? ఐవీఎఫ్ ఒక విడతకు లక్షన్నర, మందులన్నీ కలిపితే రెండు లక్షలు దాటే బిల్లులు మామూలే. ముప్పై ఐదు లోపు వాళ్లలో కూడా ఎక్కువ మందికి మొదటి విడతలో బిడ్డ చేతికి రాదు. ఆయుష్మాన్ భారత్ దీన్ని పథకం బయటే పెట్టింది.

పైగా సీమవాళ్లలో చాలామంది పెద్ద వైద్యానికి ఊరు దాటుతున్నారు. కర్నూలువాళ్లు హైదరాబాద్‌కు, అనంతపురంవాళ్లు బెంగళూరుకు, కడపవాళ్లు చెన్నైకో వేలూరుకో. ఐవీఎఫ్ అంటే పది పన్నెండు రోజులు వరసగా సూదులు, రోజు మార్చి రోజు స్కానింగ్, అంతకాలం లాడ్జి అద్దె, ఇద్దరి కూలీ పోవడం. మిరప కోతలకు గుంటూరు వలసపోయే కోసిగి జంట ఇది భరించగలదా? కోస్తా నాయకులు సీమకు హామీలిచ్చిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక నుంచి మనకు మాటలే దక్కాయి. మూడేళ్లు రాజధానిగా ఉన్న కర్నూలు ఈ రోజుకీ పెద్దాస్పత్రి దాటి పై వైద్యానికి రోడ్డు పట్టుకుంటోంది. తెలియని ఊళ్లో, అప్పు చేసిన డబ్బుతో తిరిగేవాళ్లు మోసపోవడం సులువు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఏం బయటపడింది? సరోగసీ (అద్దె గర్భం) బిడ్డ అని లక్షలు తీసుకుని ఎవరికో పుట్టిన పసికందును ఇచ్చారని పోలీసులు కేసు పెట్టారు. డీఎన్ఏ పరీక్ష చేయించుకోబట్టి ఆ దంపతులకు తెలిసింది. సంతాన చికిత్స కేంద్రాల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం ప్రతి కేంద్రమూ రిజిస్టరు కావాలి, గెలుపు అవకాశాలెంతో ముందే చెప్పాలి. ఆదోని రైతుకు ఆ చట్టం ఉందని చెప్పేదెవరు?

ప్రభుత్వం తలచుకుంటే కాదా? గోవా మెడికల్ కాలేజీలో 2023లో ఉచిత ఐవీఎఫ్ మొదలుపెట్టారు. అదే ఏడాది అక్టోబరులో సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలోనూ కేంద్రం తెరిచారు. మన కర్నూలు మెడికల్ కాలేజీ 1957 నాటిది. దాని ఆస్పత్రికి ఇటు గద్వాల నుంచి, అటు బళ్లారి, రాయచూరు నుంచి కూడా రోగులు వస్తారు. సీమలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం పెట్టాల్సి వస్తే ఇంతకంటే తగిన చోటు ఏది? అంత డబ్బు ఇప్పుడే లేదంటే సరే, మొదట మగవాళ్ల ఓపీ పెట్టండి. కర్నూలు, అనంతపురం, కడప మూడు పెద్దాస్పత్రుల్లోనూ వారానికి రెండు రోజులు, సాయంత్రం పూట, కూలి పోకుండా. వీర్యకణాలు లెక్కపెట్టే న్యూబార్ చాంబర్ కొత్తగా కొనే పని లేదు, రక్తకణాలు లెక్కించడానికి మెడికల్ కాలేజీ ల్యాబుల్లో వాడేది అదే. కావాల్సింది శిక్షణ ఉన్న టెక్నీషియన్ ఒకరు, లోపల గడియ పడే గది ఒకటి, యూరాలజిస్టు సమయం. ఇందుకు కేబినెట్ తీర్మానం కూడా అక్కర్లేదు. ఆస్పత్రి అభివృద్ధి కమిటీ సమావేశంలో అజెండాగా పెడితే అయిపోతుంది. మన ఎమ్మెల్యేలు ఆ కమిటీల్లో కూర్చునేవాళ్లే.