ముప్పై మాహాత్మ్యం

ఫిజియోథెరపీ లాంటి పునరావాస శాస్త్రాల్లో పీజీలో చేరబోతున్నవారికి ముందుగా ఓ శుభవార్త. థీసిస్‌కి ఎంతమంది పేషెంట్లు కావాలో మీరు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ముప్పై మంది. మోకీలు అరిగినవారైనా, పక్షవాతం వచ్చినవారైనా, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలైనా ముప్పై మందే. గ్రూప్ ఏలో 15, గ్రూప్ బీలో 15. ఈ సంఖ్య ఎక్కడి నుంచి ఊడిపడిందని అడగడం అపచారం. సీనియర్ల థీసిస్‌లో ముప్పై, వాళ్ల సీనియర్ల థీసిస్‌లో ముప్పై, గైడు గారు చదువుకునే రోజుల్లో చేసిన థీసిస్‌లోనూ ముప్పై. జబ్బు మారుతుంది, టెక్నిక్ మారుతుంది, అట్ట రంగు మారుతుంది. ముప్పై మాత్రం ఆచంద్రతారార్కం.

టాపిక్ కూడా తయారుగానే ఉంటుంది. "ఫలానా జబ్బు ఉన్నవారిలో ఫలానా టెక్నిక్ ప్రభావం: ఒక తులనాత్మక అధ్యయనం." మొదటి ఫలానాలో ఓపీకి ఎక్కువగా వస్తున్న జబ్బు రాయాలి. రెండో ఫలానాలో గైడు గారు ఈమధ్య రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకున్న టెక్నిక్ రాయాలి. చికిత్స నాలుగు వారాలు. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో పెరిగే బలం చాలావరకు నాడుల సర్దుబాటు వల్ల వచ్చేదే, కండరం లావెక్కడానికి ఇంకా సమయం పడుతుంది అని మొదటి సంవత్సరంలోనే చదివి ఉంటారు. ఆ సంగతి కండరం చూసుకుంటుంది. పోస్టింగ్ నాలుగు వారాలే కాబట్టి చికిత్సా నాలుగు వారాలే.

మొదటి అధ్యాయం భారీగా మొదలవుతుంది. పునరావాస సేవలతో మేలు జరిగే ఆరోగ్య సమస్యలున్నవారు 2019 లెక్కల ప్రకారం ప్రపంచంలో దాదాపు 240 కోట్ల మంది అని రాస్తారు. ఆ వెంటనే 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన ఐసీఎఫ్ (ఆరోగ్యాన్నీ, మనిషి పనితీరునూ కలిపి చూసే వర్గీకరణ) బొమ్మను పెట్టెలూ బాణాలతో సహా అతికిస్తారు. శరీరం ఎలా పనిచేస్తోంది, మనిషి తన పనులు ఏవి చేసుకోగలుగుతున్నాడు, నలుగురిలో కలవగలుగుతున్నాడా, చుట్టూ ఉన్న పరిస్థితులు తోడ్పడుతున్నాయా అడ్డుపడుతున్నాయా, ఇవన్నీ చూడాలంటుంది ఆ బొమ్మ. మూడో అధ్యాయానికి వచ్చేసరికి 240 కోట్ల మంది ముప్పై మంది అవుతారు, పెట్టెలన్నీ మాయమై కీలు కదిలే కోణాన్ని కొలిచే గోనియోమీటర్ ఒక్కటి మిగులుతుంది. భుజం కదలిక 4 డిగ్రీలు పెరిగిందట. చేత్తో పట్టుకునే గోనియోమీటర్‌తో ఒకే కీలును రెండుసార్లు కొలిస్తేనే 5 డిగ్రీల దాకా తేడా రావడం మామూలు. ఆ మనిషి చొక్కా తనంతట తాను తొడుక్కోగలుగుతున్నాడా అని అడిగిన నాథుడు లేడు.

ఈ ముప్పై అంటే గిట్టనివాళ్లు కొందరున్నారు. బయోస్టాటిస్టిక్స్ వాళ్లు. వాళ్ల గొణుగుడు ఇది: రెండు చికిత్సల మధ్య తేడా ఓ మోస్తరుగా, అంటే అర స్టాండర్డ్ డీవియేషన్ (మనిషికీ మనిషికీ కొలత ఎంత మారుతుందో చెప్పే లెక్క) మేర ఉందనుకుంటే, దాన్ని 0.05 స్థాయిలో (లేని తేడాను ఉందనుకునే అవకాశం 5 శాతం), 80 శాతం పవర్‌తో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం) పట్టుకోవడానికి గ్రూపుకు 64 మంది, మొత్తం 128 మంది కావాలి. ఐదుగురిలో ఒకరు మధ్యలో మానేస్తారనుకుంటే గ్రూపుకు 80, మొత్తం 160. గ్రూపుకు 15 మందితో సరిపెట్టుకోవాలంటే తేడా ఒక స్టాండర్డ్ డీవియేషన్ పైచిలుకే ఉండాలి. నిజమైన వ్యాయామానికీ, ఇంకో నిజమైన వ్యాయామానికీ మధ్య అంత తేడా ఉంటే కనిపెట్టడానికి థీసిస్ దేనికి? వార్డులో ఆయా చెప్పేస్తుంది.

దీనికీ మన దగ్గర విరుగుడుంది. శాంపిల్ సైజ్, అంటే ఎంతమంది కావాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అంకెలు వేసి జవాబు తెలుసుకోవడం అమాయకుల పద్ధతి. జవాబు ముందే తెలుసు కాబట్టి అది వచ్చేదాకా అంకెలు మార్చుకుంటూ పోవాలి. ఎఫెక్ట్ సైజ్ (తేడా ఎన్ని స్టాండర్డ్ డీవియేషన్లో) 0.95 వేసి, తేడా ఎటువైపు ఉన్నా చూసే టూ టెయిల్డ్ తీసేసి ఒకవైపే చూసే వన్ టెయిల్డ్ పెడితే 15, 15 అని బుద్ధిగా చూపిస్తుంది. ఈ 0.95 ఎక్కడిదని ఎథిక్స్ కమిటీ అడిగితే "గత అధ్యయనాల ఆధారంగా" అనాలి. గత అధ్యయనాలంటే సీనియర్ల ముప్పైలు. చిన్న అధ్యయనాల్లో అదృష్టం కలిసొచ్చి పెద్దగా కనిపించిన తేడాలే ఎక్కువగా అచ్చవుతాయన్న సంగతి కమిటీకి తెలిసినా, ఆ పూట అజెండాలో ఇంకా నలభై థీసిస్ ప్రతిపాదనల సినాప్సిస్‌లు ఉంటాయి.

ఇక కొలతల ఘట్టం. ఆరు నిమిషాల నడక పరీక్షనే తీసుకుందాం, ఆ ఆరు నిమిషాల్లో పేషెంటు ఎన్ని మీటర్లు నడిచాడో కొలుస్తారు. పేరులోనే అంతా ఉంది కాబట్టి చదవాల్సిందేమీ లేదని అందరి గట్టి నమ్మకం. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో ఇచ్చిన మార్గదర్శకాలకు ఆ నమ్మకం లేదు. 30 మీటర్ల తిన్నని కారిడార్ కావాలి. 3 మీటర్లకో గుర్తు, తిరిగే చోట కోన్లు. మొదలుపెట్టే ముందు కనీసం 10 నిమిషాలు కుర్చీలో విశ్రాంతి. నిమిషానికోసారి రాసిపెట్టిన వాక్యమే, ఒకే గొంతుతో చెప్పాలి. మనిషి అలిసిపోయి గోడకు ఆనుకోవచ్చు, స్టాప్‌వాచ్ మాత్రం ఆగకూడదు.

మన వార్డు కారిడార్ 10 మీటర్లు. అందులో ఒక పక్క స్ట్రెచర్, ఇంకో పక్క అటెండర్ల బల్ల. పక్షవాతం వచ్చినా 360 మీటర్లు నడిచే సత్తా ఉన్న పేషెంటు 30 మీటర్ల దారిలో 11 సార్లు వెనక్కి తిరగాలి. ఇక్కడ 35 సార్లు తిరగాలి. తిరిగిన ప్రతిసారీ నడక నెమ్మదించాలి, ఒంటి బరువును చచ్చుబడిన కాలి మీద మోపి తిప్పుకోవాలి, మళ్లీ వేగం అందుకోవాలి. ఆ 360 రానే రావు. నాలుగో నిమిషంలో మందుల ట్రాలీ అడ్డం వస్తుంది. పేషెంటు మర్యాదస్తుడు, దారి ఇస్తాడు. విద్యార్థి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాడు. ఐదో నిమిషంలో ఆ ఫోన్ మోగుతుంది, చేసింది గైడు గారు, ఎత్తకపోతే బాగుండదు. మాట్లాడి వచ్చాక ఎన్ని రౌండ్లయ్యాయో పేషెంటునే అడుగుతాడు. "ఇరవై ఎనిమిదనుకుంటా బాబూ" అంటాడాయన. షీట్‌లో 280 ఎక్కుతుంది. ఇది ప్రీ టెస్ట్.

నాలుగు వారాల తర్వాత పోస్ట్ టెస్ట్. ఆ వారం వార్డుకు రంగులు వేస్తున్నారు కాబట్టి కింది అంతస్తులో పొడవాటి కారిడార్‌కి వెళ్లారు. ట్రాలీ లేదు, స్ట్రెచర్ లేదు. పైగా ఈసారి డేటా మంచిగా రావాలన్న ఆత్రం. "రండి పెద్దాయనా, రండి! ఇంకొక్క రౌండే! అదీ! అంతే!" తోడొచ్చిన కొడుకు చప్పట్లు, దారిన పోయే సిస్టర్ చప్పట్లు. ఆయనకూ హుషారొచ్చింది. 321 మీటర్లు. తేడా 41. టెక్నిక్ అద్భుతంగా పనిచేసింది. నిజానికి పనిచేసింది కారిడార్. కావాలంటే ఆ కారిడార్‌నే గ్రూప్ సీగా పెట్టి ఇంకో థీసిస్ రాయొచ్చు.

కారిడార్ మారకపోయినా గండం తప్పదు. 2014లో యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ, అమెరికన్ థొరాసిక్ సొసైటీ కలిసి ఇచ్చిన ప్రమాణాలు ఈ పరీక్షను రెండుసార్లు చేసి, ఎక్కువ వచ్చినదాన్ని తీసుకోమంటాయి. ఎందుకంటే రెండోసారి నడిచేటప్పుడు కేవలం అలవాటు వల్లే దూరం పెరుగుతుంది. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవారిలో ఆ పెరుగుదల సగటున 26 మీటర్లు. దీర్ఘకాలిక శ్వాసకోశ జబ్బుల్లో లెక్కలోకి తీసుకోదగ్గ కనీస మార్పు దాదాపు 30 మీటర్లు. అంటే ఏ వైద్యమూ చేయకుండా ఊరికే ఇంకోసారి నడిపిస్తే చాలు, థీసిస్ గట్టెక్కడానికి ఇంకో 4 మీటర్లే తక్కువ.

చికిత్స చేసిన విద్యార్థే కొలతలూ తీసుకుంటాడు. కొలిచేవాడికి ఎవరు ఏ గ్రూపో తెలియకూడదన్న నియమాన్ని మెథడాలజీలో "సింగిల్ బ్లైండ్" అని రాసి గౌరవిస్తారు. తర్వాత స్టాటిస్టీషియన్ దగ్గరికి ఎక్సెల్ షీట్. గ్రూప్ ఏలో ముందుకీ తర్వాతకీ పి విలువ (నిజంగా మార్పేమీ లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.01, గ్రూప్ బీలో 0.04. రెండూ మెరుగుపడ్డాయి, ఏ ఇంకాస్త మెరుగుపడింది, కాబట్టి ఏ గెలిచింది. రెండు పి విలువలను పక్కపక్కన పెట్టి చూడటం రెండు గ్రూపులను పోల్చడం కాదు. గ్రూపుల మధ్య తేడా ఎంత, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండొచ్చన్న పరిధి) ఎంత అన్నది చూడాలి. అది చూస్తే సున్నా మధ్యలో కూర్చుని ఉంటుంది, అంటే తేడా ఉందని చెప్పలేం. అందుకే చూడరు. పక్షవాతం తర్వాత మొదటి మూడు నెలల్లో దానంతటదే వచ్చే మెరుగుదల చాలా ఎక్కువ. ఆ నెలల్లో పట్టుకున్న పేషెంట్లు ఏ గ్రూపులో వేసినా మెరుగుపడతారు, ఏ గ్రూపులో వెయ్యకపోయినా మెరుగుపడతారు.

గ్రూప్ బీకి ఏం చేశారని అడక్కండి. "కన్వెన్షనల్ థెరపీ", అంటే మామూలుగా చేసే చికిత్స చేశారు. ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, ఎంత బరువుతో, ఎవరు చేయించారు, పేషెంటు నిజంగా చేశాడా అనే వివరాలు రాయడానికి 2014 నుంచి టైడియర్ అని 12 అంశాల చెక్‌లిస్టు ఉంది. ఆ రెండు మాటల్లో పన్నెండూ ఇమిడిపోయాయని మనవాళ్ల ఉద్దేశం.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఆ గ్రూప్ బీలో ఉన్నవాళ్లు మనుషులు. వారానికి మూడుసార్లు, నాలుగు వారాలు, మొత్తం పన్నెండుసార్లు వచ్చారు. కాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కి వచ్చారు. తోడు వచ్చినవాళ్లు పని మానుకుని వచ్చారు. ఎందుకొచ్చారు? మీరు సంతకం పెట్టించుకున్న కాగితంలో "మీరు పాల్గొనడం వల్ల భవిష్యత్తులో ఇతర రోగులకు మేలు జరుగుతుంది" అని రాసి ఉంది కాబట్టి. ఎవరికి జరిగింది మేలు? ఆ అధ్యయనం ప్రశ్నకు జవాబు చెప్పలేదని మొదటి పేషెంటును చేర్చుకోకముందే లెక్కగట్టి చెప్పొచ్చు. తెలిసీ సంతకం పెట్టించుకుంటే అది సమ్మతి పత్రం కాదు, మోసం. తెలియదంటే పీజీ ఎందుకు ఇస్తున్నట్టు?

మనుషుల మీద చేసే వైద్య పరిశోధనకు నైతిక నియమాలు చెప్పే హెల్సింకీ ప్రకటన 2008 నుంచీ చెబుతోంది, మొదటి మనిషిని చేర్చుకునే ముందే అధ్యయనాన్ని బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయాలని, ఫలితం ఎలా వచ్చినా బయటపెట్టాలని. మీ ముప్పై మందిలో ఒక్కరికైనా ఫోన్ చేసి "మీరు పాల్గొన్నదాని ఫలితం ఇదీ" అని చెప్పారా? లేదు. అట్ట వేయించి, బంగారు అక్షరాలు కొట్టించి బీరువాలో పెట్టారు. పక్షవాతం వచ్చిన మనిషికి కోలుకునే కాలం కొద్దిగానే ఉంటుంది, అందులో ఒక నెల మీకిచ్చాడు. అది మీ డిగ్రీకి కట్టిన ఫీజు. కట్టింది ఆయన.

వైవా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. "లిమిటేషన్స్ ఏంటమ్మా?" "శాంపిల్ సైజ్ చిన్నది సార్." "గుడ్." ఆ ఒప్పుకోలుతో అన్ని పాపాలూ పోతాయి. చివరి పేజీలో "మరింత పెద్ద శాంపిల్‌తో మరిన్ని అధ్యయనాలు జరగాలి" అని ఉంటుంది. జరుగుతాయి. వచ్చే ఏడాది, ముప్పై మందితో.

ఇంతకీ ఒక్క విద్యార్థి, ఉన్న కాస్త వ్యవధిలో 160 మందిని ఎక్కడ తెస్తాడు? తేలేడు, తేవక్కర్లేదు. ఐదుగురు విద్యార్థులు ఒకే ప్రోటోకాల్, ఒకే కొలత, ఒకే షీట్ పెట్టుకుని తలా 32 మందిని చేర్చుకుంటే సరిగ్గా 160. పేపర్‌లో పేరు ముందు ఎవరిదన్న గొడవ తప్ప దీనికి శాస్త్రీయమైన అడ్డంకి లేదు. ఒంటరిగానే చేయాలంటే నలుగురైదుగురు పేషెంట్లతో సింగిల్ కేస్ ప్రయోగం ఉంది: చికిత్సకు ముందు కనీసం ఐదు కొలతలు, చికిత్సలో కనీసం ఐదు, ఒక్కొక్కరికి చికిత్స మొదలయ్యే రోజును లాటరీ తీసి వేర్వేరుగా పెట్టడం. ఎవరికి వారే పోలిక. ముప్పై మందే దొరికితే ఫీజిబిలిటీ అధ్యయనం (పెద్ద అధ్యయనం చేయడం సాధ్యమేనా అని చూసేది) అని నిజాయితీగా పేరు పెట్టి ఎంతమందిని అడిగితే ఎంతమంది ఒప్పుకున్నారు, పన్నెండు సెషన్లలో ఎన్నింటికి వచ్చారు, మానేసినవాళ్లు ఎందుకు మానేశారు అన్నది లెక్కపెట్టండి. తర్వాత పెద్ద ట్రయల్ చేసేవాళ్లకు కావాల్సింది అవే. అదీ కాదంటే పదిహేనుమంది దగ్గర కూర్చుని, ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లాక వ్యాయామం ఎందుకు ఆగిపోయిందో అడిగి రాసుకోండి. గోనియోమీటర్ అక్కర్లేదు, ఓపిక కావాలి.

గైడును ఎంచుకునే ముందు ఒక్క పని చేయండి. ఆయన దగ్గర పూర్తయిన చివరి మూడు థీసిస్‌ల రా డేటా షీట్లు చూపించమని అడగండి. తేదీలున్నాయా, కొలిచినవారి పేరు వేరుగా ఉందా, మధ్యలో మానేసినవాళ్ల వరసలు అలాగే ఉన్నాయా చూడండి. ముప్పై మందిలో ముప్పై మందీ పన్నెండు సెషన్లకూ వచ్చినట్టుంటే, నమస్కారం పెట్టి బయటికి వచ్చి పక్క గది తలుపు తట్టండి.