డిక్రీ ఒక్కటే కాదు, తీర్పు కూడా చదవండి

క్రైస్తవ సంఘ పెద్దల ఎన్నిక దగ్గరపడితే విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా చాలా సంఘాల్లో అభ్యర్థుల పరిశీలన ఒక్క ప్రశ్నతో ముగిసిపోతుంది: విడాకులు అయ్యాయా? అయ్యాయంటే పేరు కొట్టేస్తారు. ఎవరి వల్ల, ఏ కారణం మీద అని అడిగే నాథుడుండడు. కతోలిక గురువులు పెళ్లే చేసుకోరు కనుక కతోలికుల జ్ఞానాపురం వైపు ఈ పేచీ రాదు. బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లోనే తగవంతా. పెద్దల అర్హతలు చెప్పే తిమోతి మొదటి పత్రికను ‘ఏకపత్నీ పురుషుడు’ అన్న మాట దగ్గరే మూసేసే ఈ అలవాటు వాక్యానికీ న్యాయానికీ కూడా నిలవదు.

‘మా కాలంలో విడాకులున్నాయా?’ అంటారు పెద్దలు. లేవు నిజమే, చట్టం ఉండనివ్వలేదు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో భర్త, భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం సాధారణంగా వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో కూడా నిరూపించాలి. రోజూ కొడుతున్నాడని కోర్టుకెక్కితే వేరుగా బతకమన్న ఉత్తర్వు దొరికేదే తప్ప పెళ్లి రద్దయ్యేది కాదు. 2001 సవరణతోనే క్రూరత్వం, పరిత్యాగం సొంతంగా కారణాలయ్యాయి. పరస్పర అంగీకారానికి 10ఎ సెక్షన్ వచ్చింది. అంతకు ముందరి ‘మచ్చలేని’ కాపురాల్లో భక్తి కట్టి ఉంచినవెన్నో, దారి లేక నిలిచినవెన్నో!

అందుకే అభ్యర్థిని తీర్పు సర్టిఫైడ్ కాపీ అడగాలి. పెళ్లి రద్దయిందని మాత్రం చెప్పే డిక్రీ చాలదు, కారణమూ సాక్ష్యమూ ఉండేది తీర్పులో. పిటిషన్ వేసిందెవరు, తప్పు ఎవరి మీద రుజువైంది? భార్య వేసిన క్రూరత్వం కేసులో ఓడినవాడినీ, భార్య వెళ్లిపోతే రెండేళ్లు ఆగి కోర్టుకెళ్లినవాడినీ ఒకే గాటన కట్టడం కుదరదు. అవతలివారు హాజరు కాకుండానే వచ్చిన ఎక్స్ పార్టీ తీర్పయితే మరీ జాగ్రత్త: నోటీసు పాత చిరునామాకే వెళ్లి ఉండొచ్చు, అవతలి మనిషిని కలవందే ఏదీ తేల్చొద్దు. 10ఎ తీర్పులో తప్పెవరిదో రాయరు కాబట్టి ఇద్దరినీ విడివిడిగా పిలిచి వినాల్సింది కమిటీయే. భరణం బకాయి ఉందేమో కనుక్కోవాలి. కతోలిక సంఘం నుంచి వచ్చినవారు చర్చి ట్రిబ్యునల్ ఇచ్చిన పెళ్లి రద్దు పత్రం చూపిస్తే అది కోర్టు డిక్రీకి బదులు కాదని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. మళ్లీ పెళ్లయి ఉంటే అప్పీలు గడువు ముగిశాకే జరిగిందా అన్నదీ చూడాలి.

కాపరి ఇల్లే విరిగితే మంద గతేమిటన్న భయం కొట్టిపారేయదగ్గది కాదు. ఇంటివారిని బాగుగా ఏలాలని తిమోతి పత్రికలో అదే అధ్యాయం అంటోంది. అయితే మత్తయి 19:9 వ్యభిచారం కారణమైన విడాకులకు మినహాయింపు ఇస్తే, కొరింథీ మొదటి పత్రిక 7:15 అవిశ్వాసి ఎడబాస్తే నిర్బంధం లేదంది. మినహాయింపులను వాక్యమే ఇచ్చినచోట కమిటీ వాటిని చెరిపేయడమేమిటి?

అసలు చిక్కు ‘ఏకపత్నీ పురుషుడు’ తర్వాతి వచనంలో ఉంది: పెద్ద ‘మద్యపానియు కొట్టువాడునై’ ఉండకూడదు, ధనాపేక్ష ఉండకూడదు. ఇంట్లో చెయ్యి చేసుకునేవాడు పెళ్లి నిలబడి ఉంటే చాలు, ప్రభు భోజనపు బల్ల ఆరాధనలో రొట్టె పంచుతాడు. దెబ్బలు తిని విడాకులు తెచ్చుకున్నావిడ చేతిలోంచి మాత్రం సండేస్కూలు హాజరు పుస్తకం లాగేస్తారు.

ఇక ధనాపేక్ష! సంఘం కానుకలతో కొన్న స్థలం పాస్టరు పేరునో ఆయన భార్య ‘అమ్మగారి’ పేరునో రిజిస్టరై ఉంటుంది. కానుకల సంచి ఎవరింట్లో విప్పుతారో, లెక్క పుస్తకంలో రెండో సంతకం ఎవరిదో సభ్యులకు తెలియదు. సొసైటీల చట్టం కింద నమోదైన సంఘాలు కూడా ఏటా సర్వసభ్య సమావేశానికి ఆడిట్ చేసిన లెక్క పెట్టకుండా ‘దేవుడికి లెక్కేమిటి’ అని గడిపేస్తున్నాయి. ఆస్తి ఒకరి గుప్పిట్లో ఉన్నచోట అర్హతల పరిశీలన కూడా ఆ గుప్పిట్లోకే పోతుంది. నచ్చనివాడికి విడాకులు అడ్డొస్తాయి, అయినవాడికి రావు.

కాబట్టి ఈసారి నామినేషన్ ఫారంలో వైవాహిక స్థితి పక్కన మరో మూడు గళ్లు గీయండి: గృహహింస ఫిర్యాదులు, భరణం బకాయిలు, సంఘం ఆస్తి లేదా డబ్బు సొంత పేరున ఉందా. విచారణ కమిటీలో కనీసం ఇద్దరు స్త్రీలుండాలి, పాస్టరు బంధువులు ఉండకూడదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, సర్వసభ్య సమావేశానికి అప్పీలు ఉండాలి. ఇవన్నీ సంఘ నియమావళి అయిన బైలాలో చేర్చి, సవరణను రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయాలి. అదీ నామినేషన్లు పిలవక ముందే. పేర్లు బయటికొచ్చాక మార్చే ప్రతి నియమమూ ఎవరో ఒకరి కోసమే మార్చినట్టుంటుంది.