సవరణ: గడ్డం మీద వెంట్రుకలకు పీసీఓఎస్ ఒక్కటే కారణం కాదు

ఆడవాళ్లకు గడ్డం మీద, పైపెదవి మీద ముదురు వెంట్రుకలు వస్తే అది పీసీఓఎస్సే (హార్మోన్ల తేడాతో అండాశయాల పనితీరు దెబ్బతినే సమస్య) అని ఇంతకుముందు రాశాను. అది తప్పు. ఎక్కువమందిలో కారణం అదే అయినా, నెలసరి సక్రమంగా ఉండి, హార్మోన్ పరీక్షలన్నీ మామూలుగా వచ్చినవాళ్లలోనూ ఇవి పెరుగుతాయి. వాళ్లలో వెంట్రుకల కుదుళ్లే మామూలు స్థాయి ఆండ్రోజెన్లకు (ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉండే మగ హార్మోన్లకు) ఎక్కువగా స్పందిస్తాయి. కుటుంబంలో అమ్మకో, అమ్మమ్మకో ఉంటే వీళ్లకూ రావచ్చు. నా మాట చదివి, లేని జబ్బు గురించి టెన్షన్ పడినవాళ్లు నన్ను క్షమించాలి.

డానజాల్, కండలు పెంచే అనబాలిక్ స్టెరాయిడ్ల వంటి మందులు కూడా కారణం కావచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది అసలు రాయనేలేదు. కొన్ని నెలల్లోనే వెంట్రుకలు వేగంగా పెరిగి, గొంతు మగగొంతులా మారుతుంటే, అరుదుగా అండాశయంలోనో, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలోనో కణితి ఉండొచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి.