రైళ్లు టైముకు నడిచాయట!

వారం రోజులుగా మా తిరుపతి గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజి. 'అధికారాన్ని పార్లమెంటుకు కొంత, కోర్టులకు కొంత పంచబట్టే దేశం ఇట్లా ఉంది. అంతా ఒక్కరి చేతికిస్తే ఐదేళ్లలో బాగుపడుతుంది.' కింద నాలుగు కారణాలు, వరసగా దండాల బొమ్మలు. పంపేవాళ్లంతా కావలసినవాళ్లని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

'ఇది బ్రిటిష్‌వాళ్లు అంటగట్టిన పద్ధతి.' పూర్తిగా తలకిందులు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు శిస్తు వసూలు చేసే కలెక్టరే కేసులు విచారించే జిల్లా మేజిస్ట్రేటు కూడా. ఆ రెండూ విడదీయమని పోరింది మనవాళ్లు, రాజ్యాంగంలో 50వ అధికరణంగా రాసుకున్నదీ మనవాళ్లే. దాన్ని రాసిన రాజ్యాంగ సభలో మన తిరుచానూరు అనంతశయనం అయ్యంగారు కూడా ఉన్నారు.

'ఎన్నిక కాని జడ్జీలు అడ్డుపడటమేంది?' ఎన్నికైనాయన మీదే కేసుంటే తీర్పు ఆయనే చెప్పుకోవాలా?

'రాయలవారికి ఏ కోర్టు అడ్డొచ్చింది?' ఏదీ రాలేదు. తమ్ముడు అచ్యుతరాయలను మన చంద్రగిరి కోటలోనే బంధించారని న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాశాడు. తమ్ముడి తరఫున అడగడానికి చోటేది?

అసలు విషం నాలుగోది: 'ఎమర్జెన్సీలో రైళ్లు టైముకు నడిచాయి, మంచివాళ్లకేం కాలేదు.' విచారణ లేకుండా జైల్లో వేసినవాళ్ల కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. సొంత కక్షతో ఒక పోలీసు ఎవరినైనా చంపేస్తే ఏం దారి అని జడ్జీల్లో ఒకరైన జస్టిస్ ఖన్నా అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం దారి లేదన్నారు ప్రభుత్వం తరఫున వాదించిన అటార్నీ జనరల్. 1976 ఏప్రిల్ 28న ఐదుగురిలో నలుగురు జడ్జీలు ప్రభుత్వం వైపే తీర్పిచ్చారు. కాదన్న ఖన్నాను 1977 జనవరిలో పక్కనబెట్టి, ఆయన కన్నా జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఎమర్జెన్సీ నడిచిన ఆ ఇరవై ఒక్క నెలల్లో జైలు పాలైనవాళ్లు లక్ష పైమాటే. వాళ్లంతా చెడ్డవాళ్లా? అర్ధరాత్రి మీ ఇంటి ముందు జీపు ఆగితే మీ మంచితనం సర్టిఫికెట్ ఎవరికి చూపిస్తారన్నా, స్టేషన్ మాస్టరుకా?

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజు కోర్టు ఉండి కూడా కాపాడలేదు. అధికారాన్ని పంచి కాగితం మీద పెట్టినంత మాత్రాన సరిపోదు, కుర్చీలో ఉన్నవాళ్లకు వెన్నెముక కూడా కావాలి. ఎమర్జెన్సీలోనైనా ప్రాణానికి, స్వేచ్ఛకు ఉన్న హక్కును ఆపకూడదని 1978లో 44వ సవరణ తెచ్చింది ఎన్నికైన పార్లమెంటే. కోర్టు చేసిన దానికి దిద్దుబాటు అక్కడ జరిగింది. అంతా ఒక్కరి చేతిలోనే ఉండుంటే అర్జీ ఎక్కడ పెట్టుకునేవాళ్లం? కొండెక్కి హుండీలో వేసి రావాలా?