పేద పిల్లలకు వైద్యం చేయించినందువల్ల కలిగిన అనర్థాలు

అమెరికాలో పేద పిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో వైద్య బీమా ఇవ్వడం వల్ల సమాజానికి వాటిల్లిన నష్టాన్ని ఆర్థికవేత్తలు చాలా శ్రద్ధగా లెక్కగట్టారు. కాకపోతే దాన్ని లాభమని పొరబడ్డారు. ఆ పొరపాటును సవరించడం ఈ వ్యాసకర్త విధి.

1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్, పేదలకు ప్రభుత్వ వైద్య బీమా ఇచ్చే మెడికెయిడ్ చట్టం మీద సంతకం పెట్టినప్పుడు, పేదసాదల మందూమాకూ వ్యవహారమే కదా అని పెద్దలు ఊరుకున్నారు. అసలు ఉపద్రవం 1990లో వచ్చింది. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల్లో 1983 సెప్టెంబర్ 30 తరువాత పుట్టిన పిల్లలకు బీమా ఇచ్చి తీరాలని కాంగ్రెస్ (అంటే వాళ్ల పార్లమెంటు) ఆ ఏడాది రాష్ట్రాలను ఆదేశించింది. మన ఆరోగ్యశ్రీ తెల్లకార్డు చూస్తే, వాళ్లు జాతకం చూశారన్నమాట. సెప్టెంబర్ 30 రాత్రి పదకొండున్నరకు ఒక బిడ్డ, మరో గంటకు పక్క మంచం మీద ఇంకో బిడ్డ పుట్టారనుకుందాం. ఇద్దరి తల్లుల సంపాదన ఒకటే అయినా, రెండో బిడ్డకు 5 ఏళ్ల దాకా అదనపు బీమాయోగం పట్టవచ్చు. తిథివారనక్షత్రాలతో పనిలేకుండా ఇంత కచ్చితంగా ఫలం చెప్పగల పంచాంగకర్త మన దగ్గర కూడా లేడు.

ఆ ఫలం ఎంత దారుణమో చూడండి. ఆ గడువు తేదీ తరువాత పుట్టిన నల్లజాతి పిల్లలు, పాతికేళ్ల వయసులో ఆసుపత్రుల్లో చేరడం, అత్యవసర విభాగాలకు పరుగెత్తడం తగ్గించేశారు. ఫ్లోరిడాలో జైలు రికార్డులు తిరగేస్తే వాళ్లు అక్కడికి వెళ్లడం కూడా తగ్గించారని తేలింది. కట్టిన జైళ్లను ఏం చేసుకోవాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఇదివరకు ఒక చక్కటి ఏర్పాటు ఉండేది. రెండో తరగతి కుర్రవాడికి చెవిలో చీము కారుతుంది. డాక్టరు ఫీజుకు డబ్బుల్లేక తల్లి దూది పెట్టి బడికి పంపుతుంది. వెనక బెంచీలో కూర్చున్న వాడికి పంతులమ్మ చెప్పేది సగమే వినపడి, అన్నిటికీ తలాడించి, మొద్దబ్బాయి అనిపించుకుని, చివరికి చదువుకు స్వస్తి చెప్పి చౌకగా దొరికే కూలీగా తేలుతాడు. ఎవరూ ఎవరినీ తప్పుపట్టనక్కర లేని ఆ ఏర్పాటును ఒక యాంటీబయాటిక్ సీసా కూల్చేసింది. వాడికిప్పుడు వినపడుతోంది. వినపడ్డవాడు ప్రశ్నలు వేస్తాడు. ఇలాంటివాళ్లు హైస్కూలు పూర్తిచేయడమే కాక కాలేజీలు కూడా గట్టెక్కడం పెరిగింది. ఇక మెడికెయిడ్ అర్హత పెంచిన చోట్ల దివాలా పిటిషన్లు తగ్గి, అప్పుల వసూలుదార్ల పొట్ట కొట్టినట్టయింది.

వీటన్నిటినీ క్షమించవచ్చు గానీ, పెద్దయ్యాక ఈ పిల్లలు పన్నులు కట్టడాన్ని మాత్రం క్షమించలేం. వాళ్ల మీద పెట్టిన ప్రతి డాలరులో 58 సెంట్లు, వాళ్లకు 28 ఏళ్లు వచ్చేసరికే ఖజానాకు తిరిగొచ్చాయని పన్నుల రికార్డులతో లెక్క తేల్చారు. ఇంకా రిటైర్మెంటుకు మూడు దశాబ్దాలకు పైగా ఉంది. దానం చేశామనుకున్నవాళ్లకు అది అప్పుగా మారి వసూలవుతుంటే, ఇక దాతలమని చెప్పుకునేదెలా?

కాంగ్రెస్‌లో వివేకవంతులు లేకపోలేదు. మెడికెయిడ్‌కు అర్హత లేకపోయినా బీమా కొనుక్కోలేని కుటుంబాల పిల్లల కోసం 1997లో పెట్టిన చిప్ పథకానికి 2017 సెప్టెంబర్ 30తో నిధుల గడువు తీరిపోతే, దీర్ఘకాలిక పొడిగింపు ఇవ్వకుండా నెలల తరబడి నిబ్బరంగా కూర్చున్నారు. కొలరాడో, వర్జీనియా రాష్ట్రాలు మీ పిల్లల బీమా పోవచ్చని తల్లిదండ్రులకు ఉత్తరాలు కూడా రాశాయి. అంతా సవ్యంగా సాగుతుండగా 2018 జనవరిలో కాంగ్రెస్ సొంత బడ్జెట్ కార్యాలయమే అడ్డం తిరిగి, పథకాన్ని పదేళ్లు పొడిగిస్తే ప్రభుత్వానికి దాదాపు 600 కోట్ల డాలర్లు ఆదా అవుతాయని లెక్క చెప్పింది. పొదుపు కోసం పిల్లలకు వైద్యం చేయించక తప్పని దుస్థితిలో, ఆ సభ్యులు మరుసటి నెలకల్లా పదేళ్ల పొడిగింపుకు ఓటేయవలసి వచ్చింది; ఆ మనోవేదనకు వాళ్ల బీమాలో చికిత్స ఉందో లేదో కనుక్కోవాలి.