ఎనిమిది మార్కుల కత్తిరింపు

మహారాజశ్రీ హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డు గారికి,

పిట్స్‌బర్గ్ నుంచి ఒక తెలుగు తండ్రి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, గాలి కూడా తగలని ప్లాస్టిక్ పెట్టెలో ఉంటారాయె.

పాతకాలపు బేస్‌బాల్ వీరుడు వాగ్నర్ బొమ్మతో తమలాగే అచ్చయిన అన్నదమ్ములు ఇంకో యాభై అరవై మంది బతికే ఉన్నారట. వాళ్లతో నాకు పేచీ లేదు. 1991లో హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ ఇంకొకాయనతో కలిసి 4,51,000 డాలర్లు పోసి కొన్నారే, ఆ తమరితోనే పని.

పాత కార్డుల స్థితి చూసి పదికి ఇన్ని అని మార్కులు (గ్రేడు) వేసే గ్రేడింగ్ కంపెనీ నుంచి మావాడి కార్డు ఈరోజు తిరిగొచ్చింది. అది కూడా మీ బ్యాచే, 1909-11 నాటి సిగరెట్ పెట్టెలో వచ్చిన అట్టముక్క. బొమ్మలో ఉన్న ఆటగాడి పేరు చెబితే ఇప్పుడెవరూ గుర్తుపట్టరు, అంతే తేడా. వేసవంతా పక్కిళ్ల వాళ్ల గడ్డి కోసి, ఆ డబ్బుతో కొనుక్కున్నాడు. నెలల తరబడి పోస్టు డబ్బా తెరిచి చూశాడు. చివరికి వచ్చిన జవాబు: అంచులు కత్తిరించారు, గ్రేడు ఇవ్వం. గ్రేడు ఇవ్వలేదు గానీ ఫీజు మాత్రం ఉంచుకున్నారు.

నలిగిన అంచు కోసి కొత్తదానిలా చూపించడం మోసమట. సరే, రూలంటే రూలే. మరి మీ అంచుల మాటేమిటి? పదికి ఎనిమిది మార్కులు వేయించుకున్నారు. అంత పాతకాలపు అట్టకు అంత నున్నటి అంచులేమిటని గుసగుసలు వినిపిస్తూనే ఉన్నా, 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయారు. 2013లో వేలంపాటల పెద్దమనిషి బిల్ మాస్ట్రో చికాగో కోర్టులో ఒప్పుకున్నాడు, ఆ అంచులు కత్తిరించింది తానేనని. ఆయన జైలుకు వెళ్లాడు. మీరు మాత్రం ఎనిమిది మార్కులతోనే ఉన్నారు.

సిగరెట్ పెట్టెల్లో తన బొమ్మ వేయొద్దని వాగ్నర్ గారు ఆపించారు కాబట్టే మీరు అరుదయ్యారు. పిల్లలు పొగాకు కొనకూడదని ఆపించారంటారు కొందరు, డబ్బు కుదరక అంటారు ఇంకొందరు. ఎవరేమన్నా మీ రేటే పెరిగింది. 1996లో పోటీలో మిమ్మల్ని గెలుచుకున్న పోస్టాఫీసు ఉద్యోగిని పన్ను కట్టలేక మిమ్మల్నే అమ్ముకుంది. సగానికి చిరిగిపోయిన మీ తమ్ముడొకడు కూడా నాలుగు లక్షల డాలర్లు దాటాడు. పోనీ, అవన్నీ వదిలేద్దాం.

ఆ అంచు ఒక్కటే నేను వదల్లేకపోతున్నాను. మావాడి కార్డుని వందేళ్ల కిందట ఏ పిల్లాడు కత్తెరతో కోశాడో, ఫ్యాక్టరీలోనే వంకరగా తెగిందో ఎవరికీ తెలియదు. నిన్ను కోసినవాడు కోర్టులో నిలబడి చెప్పాడు కదా! నీకు ఎనిమిది, వాడికి సున్నా. ఏం చూసి వేశారు నీకా మార్కులు? అట్టనా, కొన్నవాళ్ల మొహాలనా? సిగ్గుండాలి.

వాగ్నర్ గారి మీద కోపం లేదు. ఎనిమిదిసార్లు లీగ్ బ్యాటింగ్ టైటిల్ కొట్టిన మనిషి, మా ఊరి స్టేడియం బయట విగ్రహం ఉంది. మావాడు ఆ దారిన వెళ్లినప్పుడల్లా కాసేపు ఆగుతాడు.

ఫీజు రసీదు దీంతో జతచేశాను. నీ ఖరీదులో అది లెక్కలోకి రాదు. పంపించెయ్.

ఇట్లు,
గ్రేడు లేని కార్డు గల అబ్బాయి తండ్రి