గోడౌన్‌లో వెలసిన స్తంభం

మేడ్చల్ దాటాక ఉన్న మా గోడౌన్‌లో దసరా నాడు ఫోర్క్‌లిఫ్టుకు, అంటే సరుకును ఎత్తి పెట్టే బండికి, జరిగే పూజ ఏ ఇంటి గృహప్రవేశానికీ తీసిపోదు. ముందురోజే గుడిమల్కాపూర్ మార్కెట్టు నుంచి బంతిపూలు తెప్పించి, బండిని కడిగి, ఫోర్కులకు పసుపు రాసి, రెండు పక్కలా అరటి పిలకలు కట్టి, ఫోర్కులు ఎక్కి దిగే ముందరి నిలువు చట్రం, అంటే మాస్టు, నిండా దండలు వేస్తాము. ఈసారి అమ్మవారి పటం పెట్టడానికి తగిన పీట దొరకలేదు. బండి తగలకుండా, సరుకు పేర్చే ఇనుప అరల ర్యాకు స్తంభాల పాదాల ముందు నేలకు బిగించిన పసుపురంగు ఇనుప కాపులలో ఒకటి సరిగ్గా అంత ఎత్తులో ఉందని ఎవరికో తట్టింది. వెంటనే బోల్టులు విప్పి తెచ్చారు. ఆ కాపు అక్కడ ఎందుకుందో స్టోర్సు ఇన్‌ఛార్జిగా తెలిసినవాణ్ణి నేనే, పీట భలే కుదిరిందని మెచ్చుకున్నవాణ్ణీ నేనే.

హారతి అయ్యాక చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, డ్రైవరును బండి ఎక్కించాము. దండల వెనుక నుంచి అతనికి ఏమీ కనబడడం లేదు. ముందు చూపుకు అడ్డం ఉన్నప్పుడు బండిని వెనక్కి నడపాలన్న నియమం గోడ మీద ఉంది కానీ, పూజ చేసిన బండి తొలి అడుగే వెనక్కి వేయడమేమిటని హమాలీ మేస్త్రి గట్టిగా అడ్డుపడ్డాడు. నిమ్మకాయలు నాలుగూ చిట్లిన చప్పుడు విన్నాము. ఐదో చప్పుడు మాత్రం నిమ్మకాయది కాదు.

కాపు విప్పిన స్తంభానికే బండి తగిలింది. మీటరు పొడవున్న తిన్నని బద్దను స్తంభానికి ఆనించి వంపు కొలిచాను. యూరపు వారి ప్రమాణాన్ని మా ఆఫీసు అనుసరిస్తుంది. దాని ప్రకారం స్తంభం లోపలి వైపుకు, అంటే ర్యాకు లోతు దిశగా వంగితే, మీటరు పొడవులో 3 మిల్లీమీటర్ల వరకు ఆకుపచ్చ, అంటే కనిపెట్టి ఉంటే చాలు. అది దాటి 6 వరకు పసుపు. ఉన్న సరుకు ఖాళీ అయ్యాక, మరమ్మతు జరిగేదాకా మళ్ళీ ఎక్కించకూడదు. ఆ పైన ఎరుపు. సరుకంతా తక్షణం దించేయాలి. నా కొలత 7 వచ్చింది. ఆ స్తంభాన్ని ఆనుకుని రెండు పక్కలా ఉన్న అరల్లో పదహారు ప్యాలెట్ల (ఫోర్కులు దూర్చి ఎత్తే బల్లల) మీద నూనె డబ్బాలు ఉన్నాయి.

"పండుగ పూట ఒక్క మిల్లీమీటరు సర్దుకోలేరా?" అని మేనేజరుగారు అడిగిన తీరు చూస్తే, ఆ మిల్లీమీటరు నా జేబులో ఉన్నట్టు తోచింది. జమ్మికి వెళ్ళవలసిన హమాలీలు అప్పటికే గేటు దాటుతున్నారు. సరుకు మరునాడు దించుదామని, ఈలోగా ఎర్ర టేపు కట్టి ఎవరూ రాకుండా చూద్దామని తీర్మానించాము. వెతికితే టేపు అయిపోయి ఉంది. కాగితం మీద పెద్ద అక్షరాలతో "దించాలి" అని రాసి స్తంభానికి అంటించి, నేనూ ఇంటికి పోయాను. అది తప్పేనని ఒప్పుకుంటున్నాను.

తెల్లవారి వచ్చేసరికి ఆ స్తంభం స్తంభంగా లేదు. ఇనుమును గుద్ది దోషం చేశానని డ్రైవరు రాత్రే దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, మామిడాకుల తోరణం కట్టి, మాస్టు మీది దండ తీసి దానికి వేశాడు. నా కాగితం దండ కింద దాక్కుంది. పొద్దున్నే వచ్చినవారు చెప్పులు విప్పి మొక్కుతున్నారు. అట్టపెట్టెలకు జానెడు దూరంలో అగరుబత్తులు వెలుగుతున్నాయి, యాంకరు బోల్టు మీద కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు నడవ పొడవునా పారాయి.

హెడ్డాఫీసు నుంచి తనిఖీకి అధికారి రావడానికి ఆ రోజే ముహూర్తం కుదిరింది. ఆయన బద్ద తీసి, స్తంభాన్ని కింది నుంచి పైదాకా పరికించి, "ఆకుపచ్చ ఉంది, పసుపు ఉంది, ఎరుపూ ఉంది. ఇందులో మీరు ఏది ఖాయం చేశారు?" అని అడిగారు. కుంకుమ అని చెప్పాను.

ఆయన నడవ రెండు వైపులా తాడు కట్టించి, సరుకును పై అర నుంచి మొదలుపెట్టి దించమన్నారు. మేస్త్రి కదలలేదు. "స్తంభంల నరసింహస్వామి ఉంటడు సార్, ఇనుప ఫోర్కులు పట్టుకొని మీదికి పోతమా?" అన్నాడు. మరో కొబ్బరికాయ కొట్టి అనుమతి తీసుకున్నాకే మొదటి ప్యాలెట్టు కదిలింది. ఈ కాయను, అధికారి ఆజ్ఞ మేరకు, గేటు బయట కొట్టాము.

వంగిన స్తంభాన్ని సుత్తితో సరిచేసి వాడడం కుదరదు కనుక, ర్యాకు తయారుచేసిన కంపెనీ నుంచే కొత్తది తెప్పించి బిగించారు. పాతదాన్ని పాత ఇనుము కింద అమ్ముదామంటే హమాలీలు ఒప్పుకోలేదు. ఇప్పుడది గేటు పక్కన, వేపచెట్టు కింద నిలబడి ఉంది. దాని మీద కిలో బరువు కూడా లేదు కానీ, మా ఆవరణలో నాలుగు దిక్కులా కాపులు బిగించిన స్తంభం అదొక్కటే. లోపల కొత్తదానికి కాపు కావాలని నేను పెట్టిన ఇండెంటు ఇంకా మేనేజరుగారి బల్ల మీదే ఉంది.